గట్టు మీద లీడరు

మంచి నాయకురాలికి ఉండాల్సిన లక్షణాలన్నీ నాలో ఒకే ఒక్క రోజు, తెల్లారింది మొదలు అన్నాల వేళ దాకా, పుష్కలంగా ఉన్నాయి. ఆ కాసేపట్లో నేను సాధించినవేమిటో ముందే చెప్పేస్తాను, తర్వాత దాచిపెట్టానని అనకండి. ఇద్దరు పెద్దమనుషులు ఇస్త్రీ బట్టలతో బురదలో చతికిలబడ్డారు. ట్రక్కెక్కి వచ్చిన ఒక యంత్రం ఎలా వచ్చిందో అలాగే తిరిగి వెళ్లిపోయింది. క్యాను నిండా ఉన్న టీ ఎవరి నోటికీ అందకుండా చల్లారిపోయింది. మా ముఠా ఆడవాళ్లంతా ఒక రోజు పనికి వారం రోజుల నడుంనొప్పి మూటగట్టుకున్నారు. ఇదంతా ఒక్క మనిషి వల్ల. ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎదురుపడితే చెంప పగలగొట్టేదాన్ని. కుదరడం లేదు, ఆ చెంప నాదే అయిపోయింది.

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. మా చర్చి వరండాలో సాయంత్రం బడి పెడితే, చెంగున సుద్దముక్క ముడేసుకుని వెళ్లి నేర్చుకున్నాను. అంతకు ముందు కోపం వస్తే నోటితో తిట్టి ఊరుకునేదాన్ని. ఇప్పుడు కాగితం మీద కూడా తిట్టగలను. కాబట్టి ఈ నాలుగు పేజీలూ నన్ను నేను తిట్టుకోవడానికే అనుకోండి. మధ్యలో మీలో ఎవరికైనా తగిలితే నా పూచీ లేదు.

మా ఊరు ముమ్మిడివరం దగ్గర, కాలవ కింద. మా పేట ఆడవాళ్లం పదిహేను మందిమి దాకా ఒక ముఠా. కాలవ కింద ఆసాములందరి ఊడ్పులూ మావే. వంగి నారు నాటుకుంటూ వెనక్కి వెనక్కి నడవడం మా వృత్తి. ముఠాకు మేస్త్రి సత్తెమ్మత్త. మేస్త్రి అంటే గట్టు మీద నిలబడి కేకలేసే మనిషి అనుకునేరు. సత్తెమ్మత్త కూడా మాతో పాటే వంగేది, అందరికన్నా కుడివైపు చివర. ఆవిడ చెయ్యి ఎంత జోరుగా పడితే మా చేతులూ అంతే జోరుగా పడేవి. ఆవిడ నడుం ఎత్తితే మేమూ ఎత్తేవాళ్లం. నోరు పెద్దగా విప్పేది కాదు.

ఆవిడకు ఒక్క పట్టింపు ఉండేది. చేను ఎవరిదో ఆ ఇంటివాళ్లలో ఎవరో ఒకరు వచ్చి మొదటి నారుకట్ట చేతికందిస్తే గాని బురదలో కాలు పెట్టేది కాదు, మమ్మల్ని పెట్టనిచ్చేది కాదు. ఆసామి కాకపోతే ఆసామి భార్య, ఆవిడా కుదరకపోతే ఇంట్లో నడకొచ్చిన ఏ పసిపిల్లో. ఎవరూ రాకపోతే వచ్చేదాకా గట్టు మీద గొంతుక్కూచుని ఎదురుచూపులే. నాకు చిర్రెత్తుకొచ్చేది. ఒకరోజు అడిగేశాను.

"ఎందుకత్తా ఈ తంతు? తెల్లారగట్ల వచ్చి ఈ కూచోడం ఏంటి?"

"టీ కోసమే" అంది సత్తెమ్మత్త. "ఇంటివాళ్లు రాకపోతే టీ ఎవరు తెస్తారు?"

ఆవిడ అంత సూటిగా చెప్పాక నాకింకేం అనుమానం. ఇది ఉత్త టీ తంతు అని ఆ రోజే తేల్చేసుకున్నాను. ఈ తేల్చుకోవడం గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది. నాకు కాదు, నన్ను తిట్టుకోవడానికి మీకు.

ఒక ఏడాది వానల ముందు సత్తెమ్మత్త మోకాళ్లు మొరాయించాయి. ఇక వంగలేను, మేస్త్రిగా ఎవర్ని పెట్టుకుంటారో మీరే చూసుకోండి అని పేటలో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఆడవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. కొందరు మా మరదలు చిట్టెమ్మ వైపు చూశారు. మా ఆయనకు చిన్నాన్న కూతురు. చెయ్యి చురుకు, నోరు తక్కువ. ఎవరూ ఏమీ అనకముందే నేను చెయ్యెత్తాను. ఎవరూ కాదనలేదు. కాదనకపోవడాన్ని నేను ఔననడం కింద జమ కట్టుకున్నాను. ఈ జబ్బు నాకొక్కదానికే ఉందనుకుని సిగ్గుపడేదాన్ని గాని, తర్వాత చాలా మంది పెద్దపెద్దవాళ్లను చూశాను. మీరూ చూస్తూనే ఉన్నారు.

ఆ నెలలోనే అమలాపురంలో ఒక హాలులో ఆడవాళ్లకు శిక్షణ పెట్టారు, మంచి నాయకత్వం గురించి. మా పేట నుంచి నేను వెళ్లాను. ఫ్యాన్ల కింద కుర్చీలు, ఎదురుగా బల్ల, బల్ల వెనక మెడకు టై బిగించుకున్న ఒక కుర్రసారు. ఆయన మైకు ఎంత దగ్గరగా పట్టుకున్నాడంటే, మధ్యాహ్నం భోజనాల దాకా అది ఆయన మూతికి పుట్టుకతో వచ్చిందనే అనుకున్నాను. నిర్ణయం చిటికెలో తీసుకోవాలన్నాడు, చిటిక వేసి చూపించాడు. తీసుకున్నాక వెనకడుగు వెయ్యకూడదన్నాడు. అనుమానం ఉన్నా మొహంలో కనబడనివ్వకూడదన్నాడు. అందరికన్నా ఎత్తున నిలబడితేనే అందరూ కనిపిస్తారన్నాడు. ఆ సారు బురదలో దిగిన దాఖలాలు ఆయన బూట్ల మీద లేవు. ఆ సంగతి నేను అప్పుడే చూశాను కూడా. చూసి, ఎంత శుభ్రంగా ఉన్నాడో, లీడరంటే ఇలా ఉండాలి అనుకున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు తలా ఒక గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల ఇచ్చారు, వెనక పిన్నీసుతో. దాని మీద 'లీడర్' అని రాసి ఉంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కూడబలుక్కుని చదివాను. మళ్లీ చదివాను. అప్పటిదాకా బైబిలు చదివాను, బస్సుల బోర్డులు చదివాను, మందుల డబ్బాలు చదివాను. నా గురించి నేను చదువుకున్న మొదటి మాట అదే. అందుకే బుర్ర తిరిగిపోయింది. ఇది సమర్థించుకోవడం కాదు, రోగం ఎక్కడ అంటుకుందో చెబుతున్నాను.

వానాకాలం సార్వా ఊడ్పులు మొదలయ్యే ముందు రోజు వీర్రాజు గారు ఫోన్ చేశారు. కాలవ కింద ఆయనదే పెద్ద మాట. ఆయన దిగితే తక్కిన ఆసాములు దిగుతారు.

"కరుణమ్మా, రేపు మా కాలవ పక్క చేను. ఆకు తీయించి నారుకట్టలు గట్టు మీదేయించేను. నేను అమలాపురం వెళ్లొస్తాను. పూజయ్యేక మా ఆవిడొచ్చి మొదటి కట్ట ఇస్తది, కాస్త ఆగండి."

"ఆయ్, అలాగేనండి."

"ఇంకో మాట. మా తమ్ముడు ఈ ఏడు ఊడ్పుకి యంత్రం పెడుతున్నాడు. కాలవ కింద అందరూ చూస్తున్నారు. మీ పని శుభ్రంగా ఉంటే మీరే. ఏమన్నా తేడా వచ్చిందంటే వచ్చే ఏడు అందరికీ యంత్రమే, నన్నేమీ అనకండి."

అదీ సంగతి. పదిహేను ఇళ్ల తిండిగింజలు ఆ ఒక్క చేను మీద ఆధారపడి ఉన్నాయి. ఎవరికైనా భయం వెయ్యాలి. నాకు వెయ్యలేదు. "మీరు నిశ్చింతగా ఉండండి. లీడర్ని నేనున్నాను కదండీ" అన్నాను.

"ఎవరూ?" అన్నారాయన.

"అదేనండి, మేస్త్రిని."

ఇక్కడ ఆ అన్నదమ్ముల గురించి రెండు ముక్కలు చెప్పాలి. కాలవ పక్క చేను వాళ్ల నాన్నగారి హయాంలో ఒకటే చేను. ఆ ఎండాకాలంలోనే ఇద్దరూ పంచుకున్నారు. పంచుకున్న నాటి నుంచి వీర్రాజు గారికీ తమ్ముడు సూరిబాబు గారికీ మాటల్లేవు. కొలతలు వేసి మధ్యన గట్టు పోయించారు, గేదె నడిచేటంత గట్టు. వానలు పడ్డాక గట్లు చెక్కే వంకతో అన్నగారి మనుషులు అటు నుంచి నాలుగు చెక్కలు చెక్కారు. తమ్ముడి మనుషులు ఇటు నుంచి ఐదు చెక్కలు చెక్కారు. అలా ఒకరి మీద పంతంతో ఒకరు చెక్కిచెక్కి, ఊడ్పుల నాటికి ఆ గట్టు ఆత్రేయపురం పూతరేకంత పల్చగా తయారైంది. దాని మీద కొంగ వాలినా ఒంటికాలి మీదే వాలేది. రెండో కాలికి చోటు లేక.

తెల్లవారింది. చీర మీద మా ఆయన పాత చొక్కా తొడుక్కుని, జేబు మీద బిళ్ల గుచ్చుకున్నాను. చేతిలో గొడుగు. నాటేవాళ్లకు గొడుగెందుకని మీరడగొచ్చు. మా ఆయనా అదే అడిగాడు. ఆయనకు నాయకత్వం గురించి ఏం తెలుసని జవాబు చెప్పలేదు.

చేల దగ్గరికి వెళ్లేసరికి కాలవకు ఆనుకుని రెండు చేలు, రెండూ దమ్ము చేసి చదును చేసినవే, రెండిట్లోనూ ఒకేలా నీళ్లు మెరుస్తున్నాయి. మధ్యన ఆ పూతరేకు గట్టు, గట్టు పొడుగునా నారుకట్టలు. చోటు చాలక కొన్ని అటు జారాయి, కొన్ని ఇటు జారాయి. పంచుకున్నాక ఇదే మొదటి ఊడ్పు, ఏది ఎవరి వాటాకు వచ్చిందో మాలో ఎవరం చూడలేదు. చేతిలో ఫోను ఉంది. నొక్కితే వీర్రాజు గారు పలుకుతారు. పిల్లకాలవ దాటితే వాళ్ల ఇల్లు.

నేను చిటిక వేశాను. "ఎడమ చేను. దిగండి" అన్నాను.

ఆడవాళ్లు కదల్లేదు. "ఇంటివాళ్లు రాలేదు కదే" అంది ఒకావిడ.

"పూజలయ్యేసరికి ఎండెక్కిపోద్ది. టీ తర్వాతైనా తాగొచ్చు. దిగండి."

చిట్టెమ్మ గట్టు చివర నిలబడి అటూ ఇటూ చూస్తోంది. "వదినా, మోటారు షెడ్డు కుడి చేలో ఉంది. పంపకాల్లో మోటారు పెద్దాయనకొచ్చిందని విన్నాను. ఆ చేనేనేమో వీర్రాజు గారిది."

"నీకు తెలుసా, అనుకుంటున్నావా?"

"అనుకుంటున్నానొదినా. అందుకే ఒకసారి ఫోన్ చేసి అడుగు."

"అడిగితే మేస్త్రికి చేనే తెలీదనుకుంటారు. పరువు పోద్ది."

"అడిగితే పోయేదేం పరువొదినా."

"లీడర్ని నువ్వా నేనా?"

చిట్టెమ్మ నా జేబు మీద బిళ్ల వైపు ఒకసారి చూసింది. చీర పైకి దోపుకుని ఎడమ చేలో దిగింది. ఆవిడ వెనక అందరూ దిగారు. నా మాటకు దిగారనుకుని పొంగిపోయాను.

ఇంతకాలమయ్యాక ఇది రాస్తుంటే కూడా నాకు పళ్లు పటపటమంటున్నాయి. నాటేవాళ్లంతా తల వంచుకుని వెనక్కి నడుస్తారు. వాళ్లకు కనబడేది తాము నాటిన నారొక్కటే, వెనక ఏముందో కనబడదు. ముఠా మొత్తంలో తలెత్తి చూడ్డానికి తీరికున్నది ఒక్కదానికి, గట్టు మీద గొడుగు కింద నిలబడ్డదానికి. అది ఏం చూస్తోందయ్యా అంటే, తన బిళ్ల మీద ఎండ పడితే ఎలా మెరుస్తుందో చూస్తోంది. మధ్యమధ్యలో "వరస, వరస" అని అరుస్తోంది. ఆ వరసలు నేను పుట్టకముందు నుంచి మా పేట ఆడవాళ్లకు వచ్చు. ఎంత ఎత్తున నిలబడితే అంత బాగా కనిపిస్తుందన్నాడే ఆ సారు, నాకు కనిపించింది నా నీడ.

ఎండెక్కేసరికి చేను మూడొంతులు పచ్చబడింది. అంత చక్కగా ఎప్పుడూ నాటలేదు మేం. అప్పుడు వచ్చింది టీ.

వీర్రాజు గారి భార్య మంగతాయారు గారు, నుదుటి మీద పూజ కుంకం ఇంకా తడిగా ఉండగా, చేతిలో టీ క్యానుతో వచ్చారు. వచ్చి తిన్నగా కుడి చేలోకి, మోటారు షెడ్డు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. ఖాళీగా మెరుస్తున్న నీళ్ల వైపు చూశారు. తర్వాత చుట్టూ చూశారు. పాపం దారి తప్పారనుకుని నేను గొడుగు ఊపాను.

"అమ్మగారూ, ఇటండీ. ఇటు తీసుకురండి."

"అటెందుకు తెస్తానమ్మా?" అన్నారావిడ, ఎంతో మర్యాదగా. "మా చేను ఇదైతే."

నాటుతున్న చేతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నడుములన్నీ ఒక్కసారే లేచాయి. అందరూ నా వైపే చూస్తున్నారు. నా గుండె జారి కాలవలో పడ్డ చప్పుడు నాకు వినిపించింది. కాని అనుమానం మొహంలో కనబడకూడదు కదా. గొడుగు తిన్నగా పట్టుకుని ఆవిడను అడిగాను.

"మీకు సరిగ్గా తెలుసాండీ?"

ఆవిడ చేను ఆవిడకు తెలుసా అని అడిగాను. మళ్లీ చదువుకోండి, నేను ఆగుతాను. మంగతాయారు గారు క్యాను కింద పెట్టి, నా వైపు ఒక్క నిమిషం చూసి, "ఆయ్, పెళ్లయ్యేక ఏడాదికోసారి చూస్తూనే ఉన్నానండి, పంచినప్పుడూ చూసేనండి" అన్నారు. మా వైపు కోపం వస్తే మర్యాద పెరుగుతుంది. ఆవిడ నన్ను 'అండి' అనేసరికే నా పని అయిపోయిందని అర్థమైపోయింది. ఫోను తీసి భర్తకు చేశారు. ఆ క్షణమే రోడ్డు మీద ట్రక్కు ఆగింది, దాని మీద నాట్లు వేసే యంత్రం, పక్కన ట్రేలలో చాపల్లా పెంచిన లేతనారు. ముందు బండి మీద సూరిబాబు గారు, తెల్లచొక్కా, నల్లకళ్లద్దాలు.

ఆయన బండి దిగారు. అద్దాలు తీసి చూశారు. మళ్లీ పెట్టుకుని చూశారు. ఎలా చూసినా చేను పచ్చగానే ఉంది.

"నా చేలో ఏంటిది?" అన్నారు.

యంత్రం నడిపే ఆయన ట్రక్కు మీద నుంచే అడిగాడు. "ఊడ్చేసిన చేలోకి నన్నెందుకు పిలిచేరండీ బాబూ?"

అమలాపురం దారిలోంచే వెనక్కి తిరిగినట్టున్నారు, వీర్రాజు గారు కూడా ఊడిపడ్డారు, ఇస్త్రీ పంచె కట్టుకుని. అన్నగారు కుడి పక్క, తమ్ముడు ఎడమ పక్క, మధ్యన పూతరేకు గట్టు, గట్టు మీద గొడుగుతో నేను. వాళ్లిద్దరికీ మాటల్లేవని చెప్పాను కదా. ఆ తగాదా ఎవరి ద్వారా నడవాలో మీరే ఊహించండి.

"కరుణమ్మా, నా నారు వాడి చేలోకి ఎలా వెళ్లిందో అడుగు" అన్నారు అన్నగారు.

"కరుణమ్మా, ఆయన నారు నా చేలోంచి ఎప్పుడు తీసుకుపోతాడో అడుగు" అన్నారు తమ్ముడు.

"పీకితే చస్తదని చెప్పు. స్వర్ణ అది, నా సొంత విత్తనం."

"ఎవరు పాతమన్నారో అడుగు. నేను పచ్చగడ్డి అడిగేనా?"

ఇద్దరి మధ్య అంత దూరం లేదు, ఎవరి మాట వాళ్లకు శుభ్రంగా వినబడుతోంది. అయినా నేను ఇటు తిరిగి ఒకసారి, అటు తిరిగి ఒకసారి అప్పజెబుతూనే ఉన్నాను. గాలిమరలా తిరిగాను. ఆఖరికి ఇద్దరూ తగాదా మానేసి ఒకే ప్రశ్న వేశారు. పంపకాలయ్యాక వాళ్లిద్దరూ ఏకమైన మొదటి మాట అదే అయ్యుంటుంది.

"ఈ చేలో దిగమన్నదెవరు?"

ఇక్కడి దాకా జరిగింది తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు చెప్పబోయేది తలుచుకుంటే రాదు. గొడుగు నా చేతిలో ఉంది. బిళ్ల నా జేబు మీద ఉంది. మా పేట పొయ్యిలన్నీ ఆ జవాబు కోసం చూస్తున్నాయి. నేను వేలెత్తి చిట్టెమ్మను చూపించాను.

"ఆవిడేనండి. ముందు దిగింది ఆవిడే."

చిట్టెమ్మ మోకాలిలోతు బురదలో నిలబడి నా వైపు చూసింది. ఫోన్ చెయ్యమన్నానని అనొచ్చు. మోటారు షెడ్డు చూపించానని అనొచ్చు. అందరూ సాక్ష్యం చెప్పేవాళ్లు. ఆవిడ చేతిలో నారు నీళ్లలో ఝాడించి, పక్కావిడకిచ్చి, గట్టు దగ్గరికి నడిచొచ్చింది.

"ఆయ్, ముందు దిగింది నేనేనండి" అంది. "తప్పు మా ముఠాది. మీరెన్నైనా అనండి, పడతాం. అనడం అయ్యేక రెండు చేలూ ఖాళీ లేకుండా చేసి వెళ్తాం. ఈ పూట పనికి మాకేం ఇవ్వక్కర్లేదు."

ఇద్దరూ చల్లబడలేదు గాని ఆగారు. యంత్రం ఆయన ఆగలేదు. కాట్రేనికోన వైపు ఇంకో చేను ఉంది, చీకటి పడే లోపల దిగాలి, ఈ ట్రేలు మీవే కదండీ అని, నారు ట్రేలన్నీ రోడ్డు పక్కన దింపేసి ట్రక్కు తిప్పుకుని పోయాడు.

చిట్టెమ్మ ఆ ట్రేల వైపు చూసింది. "పెద్దబాబు గారి నారు చిన్నబాబు గారి చేలో పడింది. చిన్నబాబు గారి నారు పెద్దబాబు గారి చేలో వేసేస్తాం. చేత్తోనే ఊడుస్తాం, లేతదైనా పర్లేదు."

"వాడి నారు నా చేలోకొద్దని చెప్పు" అన్నారు వీర్రాజు గారు.

"కరుణమ్మ గారూ, ఆయనకిచ్చే నారు నా దగ్గర లేదని చెప్పండి" అన్నారు సూరిబాబు గారు.

నేను తిరగబోతుంటే చిట్టెమ్మ చెయ్యెత్తి ఆపింది. "నువ్వుండొదినా." అంతే. ఆ రెండు ముక్కలకు నేను గొడుగు ముడిచి గట్టు దిగేశాను. "లేతనారు ట్రేలో ఉంటే ఎండకి చస్తదండి" అంది వాళ్లతో. "అటు పెద్దబాబు గారి చేను ఖాళీగా ఉండిపోద్ది. ఇద్దరికీ నష్టమే. తర్వాత మీ ఇష్టం. ఒక్క మాట మాత్రం ముందే చెప్తున్నాను. మొదటి కట్ట ఇంటివాళ్లు చేతికిస్తే గాని మేం దిగమండి. పొద్దున్న దిగేం, ఏమైందో చూసేరు. నారు చిన్నబాబు గారిది, చేను పెద్దబాబు గారిది. చిన్నబాబు గారు పెద్దబాబు గారికిస్తే, పెద్దబాబు గారు మాకిస్తారు."

అని వెళ్లి కాలవ గట్టు మీద గొంతుక్కూచుంది. ఆవిడ పక్కన ఒకరూ, ఆ పక్కన ఒకరూ, అందరూ చేలోంచి వచ్చి గొంతుక్కూచున్నారు. సత్తెమ్మత్త కాలంలో కూర్చున్నట్టే. ఎండ మండుతోంది. ట్రేలలో లేతనారు తలలు వాలుస్తోంది. అన్నదమ్ములిద్దరూ దాని వైపే చూస్తున్నారు. ఎంత పగ ఉన్నా రైతులు కదండీ.

ముందు కదిలింది తమ్ముడు. ట్రేలోంచి ఒక తునక చింపి, మొహం పక్కకు తిప్పుకుని, చెయ్యి మాత్రం చాచి గట్టెక్కారు. అన్నగారు కాలవ వైపు చూస్తూ అటు నుంచి గట్టెక్కారు. వాళ్లు చెక్కించుకున్న గట్టు ఇద్దరి బరువు మోసేటంత గట్టా? జర్రుమంది. నారు చేతులు మారిందో లేదో, గట్టు ముక్కతో సహా అన్నగారు ఎడమ చేలో, తమ్ముడు కుడి చేలో కూలబడ్డారు.

తర్వాత బురద మధ్యలోంచి వీర్రాజు గారి గొంతు.

"చూసేవా, గట్టంతా తినేసేవు."

"నేనా? ముందు చెక్కించింది నువ్వు అన్నయ్యా."

"నాలుగు చెక్కలేరా నేను చెక్కించింది."

"నాలుగా? నేను లెక్కెట్టలేదనుకున్నావా?"

మాట్లాడుకుంటున్నారని వాళ్లకే ఆలస్యంగా తెలిసింది. తెలిశాక ఆపలేదు, ఇంకా గట్టిగా తిట్టుకున్నారు. మంగతాయారు గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మోటారు షెడ్డు వెనక్కి వెళ్లిపోయారు. వీర్రాజు గారు పైకి లేచి, పిడికిట్లో మిగిలిన నాలుగు పోచల నారు చిట్టెమ్మ చేతికిచ్చారు. ముఠా కుడి చేలో దిగింది. చిట్టెమ్మ కుడివైపు చివర వంగింది. నేను ఎవరూ పిలవకుండానే గొడుగు గట్టున పడేసి, ఎడమ చివర వంగాను. ఆ పూట నాతో ఎవరూ మాట్లాడలేదు. కొంతసేపటికి చూసుకుంటే జేబు మీద బిళ్ల లేదు. ఎప్పుడు ఊడిందో, ఏ బురదలో కలిసిందో. వెతకలేదు.

వెళ్లేటప్పుడు వీర్రాజు గారు, నెత్తి మీద బురద ఎండి కిరీటంలా బిగుసుకుపోయి ఉండగా, వచ్చే ఏడు రెండు చేలూ మాకేనన్నారు. "మేస్త్రి చిట్టెమ్మైతేనే. ఆ గొడుగావిడ గట్టెక్కిందంటే మాత్రం ఇద్దరం కలిసెళ్లి యంత్రం తెచ్చుకుంటాం" అన్నారు. తమ్ముడు ఔనని తలూపారు.

దారిలో చిట్టెమ్మ పక్కన నడిచాను. తప్పైపోయిందే, నీ మీదకి నెట్టేశాను, అన్నాను. ఆవిడ నడుస్తూనే ఉంది. పేట మలుపు దగ్గర ఆగింది.

"నాకు కోపం పోలేదొదినా. పోయేక చెప్తాను. కానీ ఆ రోజు నువ్వు చెయ్యెత్తినప్పుడు నోరు మూసుకుని కూచున్నది మేమే కదా. నా మీద నాకూ ఉంది కోపం."

జరిగిందంతా సత్తెమ్మత్తకు చెప్పడానికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని, మోకాళ్లకు నూనె రాసుకుంటూ మొత్తం విన్నది. విని ఒక్కటే అడిగింది. "ఇంతకీ టీ వచ్చిందా?"

పంట కోతకొచ్చింది. ఆ ఏడు సూరిబాబు గారి చేలో స్వర్ణ ఎంత పండిందో కాలవ కింద అందరూ చెప్పుకున్నారు. గట్టు పక్కన కోత మిషను తిరగని మూల కొడవళ్లతో కోస్తుంటే, మట్టి కొట్టుకుపోయిన ఒక గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల దొరికిందట. ఆయన దాన్ని కడిగించి, చిట్టెమ్మ చేతికిచ్చి నాకు పంపించారు. దాంతో పాటు ఒక కబురు. "మీ లీడరు మా చేలోనే ఉండిపోయేడండీ. ఆర్నెల్లూ నోరు మెదపలేదు, పంట బ్రహ్మాండంగా పండింది."

ఆ బిళ్ల ఇప్పుడు మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది. దాని సాక్షిగా, మా పేట పదిహేను పొయ్యిల సాక్షిగా, ఆ రోజు నోటికందని టీ సాక్షిగా, ఇక్కడ నా చేతిరాతతో ప్రమాణం చేస్తున్నాను. చేను ఎవరిదో అడగకుండా ఈ జన్మలో బురదలో కాలు పెట్టను. మేస్త్రి ఎవరు అని ఎవరైనా అడిగితే, కుడి చెయ్యి లేవకుండా ఎడమ చేత్తో అదిమి పట్టుకుంటాను. ఎడమ చెయ్యి కూడా లేవబోతే నా చెంప పగలగొట్టమని చిట్టెమ్మకు చెప్పి ఉంచాను. ఆవిడకు కోపం ఇంకా పూర్తిగా పోలేదు, కాబట్టి ఆ పని బాగానే చేస్తుంది.